పన్నెండు వార్డులకూ సమాన శబ్దం

మా చింతలమెరక పురపాలక సంఘం గురించి గిట్టనివాళ్ళు చాలా అంటారు. కుళాయిల్లో నీళ్ళు రావంటారు. వీధి దీపాలు పట్టపగలు వెలుగుతాయంటారు. పగలు వెలిగితేనే కదా, అవి ఎక్కడెక్కడున్నాయో జనానికి కనపడేది! ఇంత చిన్న విషయం బుర్రకెక్కనివాళ్ళకి, మేం సంగీతంలో సాధించిన సమానత్వం అర్థమవుతుందని నాకేమీ ఆశ లేదు. అయినా చెబుతాను. నా పేరు కోటిలింగం. రెవెన్యూ సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని. మా సంగీత బృందంలో హార్మోనిస్టుని కూడా నేనే కాబట్టి జరిగిందంతా దగ్గరుండి చూశాను.

మొదట పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట పట్టణాలకి ర్యాంకులు చెత్త ఎంత ఎత్తారన్నదాన్ని బట్టి కాక, జనం ఎంత ఆనందంగా ఉన్నారన్నదాన్ని బట్టి ఇస్తారట. తొలి లెక్కలోనే మా ఊరు అట్టడుక్కి పోయింది. సర్వేకి వచ్చినవాళ్ళు ‘మీరు ఆనందంగా ఉన్నారా?’ అని అడిగితే, మావాళ్ళు ‘మిమ్మల్ని ఎవరు పంపించారు?’ అని ఎదురడిగారట. ఆ జవాబుకి మార్కులు పడలేదు.

“ఆనందం కూడా మంచినీళ్ళ పైపులైను లాంటి మౌలిక సదుపాయమే,” అన్నారు మా కమిషనర్ శశిభూషణ్ గారు మీటింగులో. ఆయన చిన్నవయసు వాడు, బాగా చదువుకున్నవాడు, ఎక్కడ శిక్షణ జరిగినా వెళ్ళొచ్చేవాడు. “దాన్ని పౌరుడి గుమ్మం దాకా చేరవెయ్యడం మన బాధ్యత.” పైపులైను పేరు వినగానే ఇంజనీరు భావనారాయణ గారు కుర్చీలో ఇబ్బందిగా కదిలారు.

ఆ విధంగా ‘పుర స్వర వాహిని’ పుట్టింది. ఉద్యోగులే కళాకారులు. ఎవరి అనుభవాన్ని బట్టి వాళ్ళకి వాద్యాలు పంచారు. రోడ్లు పగలగొట్టే అలవాటుందని ఇంజనీరింగ్ సెక్షన్‌కి డ్రమ్స్ ఇచ్చారు. దోమల పొగ మిషను మోసి మోసి ఊపిరి గట్టిపడి ఉంటుందని ప్రజారోగ్యం వాళ్ళకి ఫ్లూటు. పన్ను కట్టమని వీధుల్లో గొంతు చించుకునేది మేమే కనుక పాటలు మా రెవెన్యూకి వచ్చాయి. చిన్నప్పుడు మా మేనమామ దగ్గర నాలుగు మెట్లు నొక్కడం నేర్చుకున్న పాపానికి హార్మోనియం నా ఒళ్ళో పడింది. ఒక్క బేస్ గిటారుకి మాత్రం ఏ సెక్షనూ ముందుకు రాలేదు.

బేస్ లేకపోతేనేం అన్నాను నేను. కమిషనర్ గారు నా వంక జాలిగా చూశారు.

“చెవికి వినపడేది మామూలు సంగీతం, కోటిలింగం గారూ. బేస్ అలా కాదు. అది వచ్చి ఛాతీకి తగలాలి. ఛాతీకి తగిలితేనే పౌరుడు ఆనందంగా ఉన్నానని ఒప్పుకుంటాడు.”

రైల్వేస్టేషన్ పక్క చర్చిలో సలోమి అనే అమ్మాయి బేస్ వాయిస్తుందని చెప్పింది నేనే. ఔట్‌సోర్సింగ్ మీద తీసుకున్నారు. ఆంప్లిఫైయర్ ఆమె తెచ్చుకోవాలి, స్పీకర్ బాక్సులు మేం కొనాలి. అదీ ఒప్పందం. ఆమె ఆటోలో గిటారు ఒళ్ళో పెట్టుకుని, ఆంప్లిఫైయర్ని పక్కన చంటిబిడ్డలా చేత్తో అదిమి పట్టుకుని వచ్చింది. నల్ల రెక్సిన్ తొడిగిన చెక్క పెట్టె అది. అసలు సరుకంతా లోపల రేకు అరలో ఉంటుంది. వెనక నాలుగు మరలు విప్పితే ఆ అర సొరుగులాగా బయటికొస్తుంది. వచ్చిన రోజే దాన్ని విప్పి, దుమ్ము ఊది, మళ్ళీ బిగించింది.

“అంత జాగ్రత్తేంటమ్మాయ్?” అన్నాను.

“ఇది మా అమ్మది బాబాయ్,” అంది.

ఆమె తల్లి రూతమ్మ గారు ఏళ్ళ తరబడి ఆ చర్చిలో హార్మోనియం వాయించారు. తర్వాత చెవులు పూర్తిగా పోయాయి. చెవిలో మిషను పెట్టినా లాభం లేకపోయింది. కూతురు కొత్తగా బేస్ వాయించిన ఆదివారం, ముందు బెంచీలో ఊరికే కూర్చున్న ఆవిడ ఉలిక్కిపడి, అరచెయ్యి బెంచీ చెక్క మీద ఆనించి, పెదాలు కదపడం మొదలుపెట్టిందట. చెక్క అదురును బట్టి ఏ పాటో ఆవిడకి తెలిసిపోయింది.

“అప్పట్నించీ అమ్మకి పాటంటే అదే. బెంచీ అదరకపోతే ఆవిడ చర్చికొచ్చినా రానట్టే. ఆఫీసులో పెడతన్నానంటే ఏడ్చింది. క్రిస్మస్ ఆరాధనకి మటుకు ఇంటికి తెచ్చేస్తానని మాటిచ్చి వచ్చా.”

ఆ మాట విని నాకు నిజంగా మనసు కలుక్కుమంది. ఎందుకంటే మా ఆఫీసు పద్ధతులు నాకు తెలుసు, ఆ పిల్లకి తెలియవు.

మా ఆఫీసులో ఏ వస్తువైనా వారం పాటు వరండాలో ఉందంటే, గేటు మస్తాన్ దానిమీద తెల్ల రంగుతో నెంబరు వేసేస్తాడు. నెంబరున్నది మాది, గేటు పాసు లేకుండా బయటికి పోదు. నెంబరు లేనిది మాది కాదు, దాంతో మాకు పనిలేదు. కుర్చీలకీ, బీరువాలకీ, మంచినీళ్ళ కూజాకీ నెంబర్లున్నాయి. పెన్షను పని మీద వచ్చి మరిచిపోయి వెళ్ళిన ఒక పెద్దాయన చేతికర్రకి కూడా నెంబరుంది. పెన్షను వచ్చింది గాని, ఆయన ఇప్పటికీ కర్ర కోసం తిరుగుతున్నాడు. ఆ ప్రకారం సలోమి ఆంప్లిఫైయర్ చెక్క పక్కన ‘చిం.పు.సం. 318’ అని పడింది. మస్తాన్ చేతిరాత బాగుంటుంది.

మొదటి కచేరీ మునిసిపల్ పార్కులో జరిగింది. ఆంప్లిఫైయర్‌కి రెండు బాక్సులు తగిలించి సలోమి లావు తీగని ఒక్కసారి మీటిందో లేదో, వేరుశనక్కాయల బండి మీద పళ్ళెం గలగలలాడింది. జనం ఛాతీలు పట్టుకున్నారు. కమిషనర్ గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఆనందం సరిగ్గా మర్నాటి కౌన్సిల్ సమావేశం దాకా నిలిచింది.

మూడో వార్డు కౌన్సిలరు లేచి నిలబడి, బాక్సులు రెండూ నాలుగో వార్డు జనం కూర్చున్న వైపు పెట్టారని, బేస్ మొత్తం నాలుగో వార్డు ఛాతీలకే తగిలిందని, తన వార్డులో ఒక్క ఛాతీకీ అందలేదని చెప్పారు. తొమ్మిదో వార్డు కౌన్సిలరు తమకి అందింది గాని మిగిలిపోయినది అందిందన్నారు. పదకొండో వార్డు ఆయన అసలు కచేరీకే రాలేదు, అయినా వాకౌట్ చేశారు.

చైర్మన్ ముక్తేశ్వరరావు గారు బల్ల మీద చెయ్యి వేసి లేచారు. ఆయన లేస్తే అందరూ కూర్చోవాలి.

“శబ్దం అనేది ప్రజల ఆస్తి. ఆ ఆస్తిని ఒక వార్డు అనుభవిస్తూ మరో వార్డు చూస్తూ కూర్చోవడం నా హయాంలో జరగదు. పన్నెండు వార్డులకీ పన్నెండు బాక్సులు. ఒకే ఆంప్లిఫైయర్. ఒకే కుటుంబం. దీనికి ‘సమాన శబ్ద పంపిణీ పథకం’ అని నేను నామకరణం చేస్తున్నాను.”

బల్లలు చరిచారు. తీర్మానం ఏకగ్రీవమైంది. కొత్త బాక్సులు లారీలో దిగాయి. కౌన్సిలర్ల ఫోటోలు వాటి మీద అంటించడానికి జాలీలు అడ్డొచ్చాయని జాలీల మీదే అంటించారు.

సలోమి ఆ బాక్సుల గుట్ట చూసి పరిగెత్తుకుంటూ నా సీటు దగ్గరికొచ్చింది.

“బాబాయ్, రెండుకి మించి పెట్టగూడదు. మాడిపోద్ది! వెనకాల రాసుంది చూడు.”

చూశాను. ‘కనీసం 4 ఓములు’ అని ఇంగ్లీషులో అచ్చుపోసి ఉంది. ఓము అంటే అడ్డు అట. బాక్సు కరెంటుకి ఎంత అడ్డు నిలబడుతుందో చెప్పే లెక్క. ఆ అడ్డు ఉన్నంతసేపే ఆంప్లిఫైయర్‌కి క్షేమం. అడ్డు మరీ తగ్గిందంటే దాని ఒంట్లో ఉన్నదంతా లాగేసుకుంటాయి బాక్సులు. మా బాక్సులు ఒక్కోటీ ఎనిమిది ఓములవి. భద్రత విషయం కాబట్టి కమిషనర్ గారు వెంటనే సాంకేతిక కమిటీ వేశారు. ఇంజనీరు భావనారాయణ గారు అధ్యక్షులు. సలోమి సాక్షి. నేను ఎందుకున్నానంటే టీ చెప్పడానికి.

“ఒక్క బాక్సు పెడితే ఎనిమిది ఓములండి,” అంది సలోమి. “పక్కపక్కనే రెండు తగిలిస్తే నాలుగవుద్ది. దానికి అదే ఆఖరు. ఇంకా తగిలిస్తే ఇంకా తగ్గుద్ది. పన్నెండు పెడితే ముప్పావు ఓము గూడా ఉండదండి.”

భావనారాయణ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఎనిమిదికి ఎనిమిది కలిపితే?”

“నాలుగండి.”

“అమ్మా, నేను ఈ సర్వీసులో చాలా లెక్కలు చూశాను. చాలా లెక్కల మీద సంతకాలు కూడా పెట్టాను. ఎనిమిదీ ఎనిమిదీ నాలుగన్న లెక్క మాత్రం కాంట్రాక్టర్లు కూడా చూపించలేదు.”

“అది అట్టా గాదండి. మోటారు ఒకటే ఉండి కుళాయిలు పన్నెండూ ఒకేసారి తిప్పారనుకోండి. మోటారు తట్టుకోలేదు గదా? అట్టాగే ఇదీను.”

“మన ఊళ్ళో పన్నెండు కుళాయిలు తిప్పితే పన్నెండిట్లోనూ నీళ్ళొచ్చిన సందర్భం ఏదైనా ఉందా?” అన్నారు ఇంజనీరు గారు గంభీరంగా. “అనుభవంలో లేని ఉదాహరణని కమిటీ పరిగణించదు.”

ఇక్కడ నేను ఇంజనీరు గారి పక్షమే మాట్లాడాలి. అడ్డు అనేదాని మీద మా ఆఫీసుకి ఉన్నంత అనుభవం మరెక్కడా ఉండదు. ఫైలు ఒక బల్ల దాటాలంటే వారం. ఆ దారిలో ఇంకో బల్ల వేస్తే ఇంకో వారం. పన్నెండు బల్లలు వేస్తే దరఖాస్తుదారుడి మనవడు వచ్చి కాగితం తీసుకోవాల్సిందే. మనిషిని కలిపినప్పుడల్లా అడ్డు పెరగడమే మేం చూశాం. మనిషిని కలిపితే అడ్డు తగ్గడం ఈ ఆఫీసు చరిత్రలో లేదు. అందుచేత కమిటీ పన్నెండు ఎనిమిదులు తొంభై ఆరు అని తేల్చింది. నాలుగుంటే చాలన్న చోట తొంభై ఆరు! ఇరవై నాలుగు రెట్ల భద్రత అని ధ్రువపత్రం ఇచ్చేసింది.

సలోమి ఊరుకోలేదు. “సరేనండి. అయితే మీ ఫైళ్ళు పోయినట్టే తగిలిద్దాం. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి, వరసన. అప్పుడు మీరన్నట్టు తొంభై ఆరే అవుద్ది. సౌండు బాగా తగ్గుద్ది గానీ పెట్టె బతుకుద్ది.”

ఇది విని నేను లోలోపల చప్పట్లు కొట్టాను. కమిటీ కూడా మెత్తబడింది. అయితే అదే సమయానికి చైర్మన్ గారు లోపలికొచ్చారు.

“వరస అంటున్నారేంటి? మొదట ఎవరు?”

“ఒకటో వార్డండి, తర్వాత రెండు...” అంటూ నసిగారు భావనారాయణ గారు.

“అంటే ఒకటో వార్డు విని వదిలేసిన శబ్దం రెండో వార్డుకి, వాళ్ళు వదిలేసింది మూడుకి. పన్నెండో వార్డుకి వచ్చేసరికి అది పదకొండు మంది ఎంగిలి! ఎంగిలి శబ్దం తాగమని నా ఓటర్లకి నేను చెప్పాలా?”

చివరికి కమిషనర్ గారే మధ్యేమార్గం కనిపెట్టారు. ప్రొటోకాల్ ప్రకారం పన్నెండు బాక్సులూ ఆంప్లిఫైయర్‌కి నేరుగా, పక్కపక్కన, సమాన హోదాలో తగిలించాలి. భద్రత ప్రకారం మాత్రం అవి వరసగా ఉన్నట్టు భావించి లెక్క కట్టాలి. రెండు పక్షాల గౌరవమూ నిలబడింది. సలోమి నెత్తీనోరూ కొట్టుకుంది గాని, అది మినిట్స్‌లో రాయలేదు.

ట్రయల్ వేశారు. పన్నెండు వైర్లు ఒక్కచోట మెలిపెట్టి ఆంప్లిఫైయర్ వెనక దూర్చారు. సలోమి చేతులు కట్టుకుని నిలబడితే ఇంజనీరు గారే స్వయంగా తీగ మీటారు. పెట్టె ముందు ఎర్ర దీపం ఒకటి టపీమని వెలిగింది, అంతే, నిశ్శబ్దం. మళ్ళీ మీటారు. మళ్ళీ నిశ్శబ్దం.

“అది దాని రక్షణండి,” అంది సలోమి. “మోయలేనంత బరువు పడితే తనకి తనే ఆగిపోద్ది. పది బాక్సులు పీకండి, పలుకుద్ది.”

“ఆగిపోవడం కాదు,” అన్నారు కమిషనర్ గారు మెల్లగా. “విధి నిర్వహణ సమయంలో ఎర్ర దీపం ప్రదర్శించడం. దాన్ని సర్వీసు నిబంధనల్లో ఏమంటారో మీకు తెలుసు కదా, కోటిలింగం గారూ?”

“సమ్మె అంటారండీ,” అన్నాను.

సాయంత్రానికల్లా 318కి షోకాజ్ నోటీసు తయారైంది. డ్రాఫ్టు నాదే, కాబట్టి గుర్తుంది. ‘ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, మీరు విధి నిర్వహణలో ఉండగా ఎటువంటి ముందస్తు అనుమతి లేకుండా ఎర్ర దీపము ప్రదర్శించి, పై అధికారి పలుమార్లు మీటినను మౌనము వహించి యున్నారు. మీపై క్రమశిక్షణా చర్యలు ఎందుకు చేపట్టరాదో సంజాయిషీ ఇచ్చుకొనవలసినది.’ మస్తాన్ దాన్ని తీసుకెళ్ళి పెట్టె మీద మైదా జిగురుతో అంటించి, అందినట్టు తానే సంతకం పెట్టాడు.

ఆ రోజే సలోమి పెట్టెని చంకనెత్తుకుని గేటు దాకా వెళ్ళిపోయింది. నేను చూస్తూనే ఉన్నాను. మనసులో వెళ్ళు తల్లీ వెళ్ళు అనుకుంటున్నాను. మస్తాన్ గేటుకి అడ్డంగా నిలబడ్డాడు.

“నెంబరుంది గదమ్మా. పాసేది?”

“ఇది నాది మస్తాన్ గారూ! మీరు నెంబరేస్తే మీదైపోద్దా?”

“నాదెందుకైద్దమ్మా, ఆఫీసుదైద్ది. నా సైకిలు మీద గూడా నెంబరేసుకున్నా పొరపాట్న. ఆర్నెల్లయింది, నడిచే ఇంటికి పోతన్నా.”

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గేటు మాత్రం తెరుచుకోలేదు. సలోమి కమిషనర్ గారి దగ్గరికెళ్ళి తల్లి సంగతంతా చెప్పుకుంది. ఆయన శ్రద్ధగా విన్నారు. పురపాలక సంఘం ఆవిర్భావ దినోత్సవ కచేరీ అయ్యాక సానుభూతితో పరిశీలిస్తామన్నారు. అయినా ఒక వృద్ధురాలి అరచేతికి, పన్నెండు వార్డుల ఛాతీలకి మధ్య పాలకుడు ఏది ఎంచుకోవాలో ఆమెనే ఆలోచించుకోమన్నారు. సలోమి బయటికొచ్చి నా బల్ల మీద తల ఆనించి ఏడ్చింది. నేను టీ తెప్పించాను. అంతకన్నా నాకు అధికారాలు లేవు.

నోటీసుకి గడువు దాటినా 318 జవాబివ్వలేదు. మౌనం అంగీకారమని తేల్చి శిక్ష ఖరారు చేశారు: ‘సదరు పరికరమునకు గల రక్షణ ఏర్పాటు విధి నిర్వహణకు ఆటంకముగా పరిణమించినందున, దానిని తక్షణమే ఉపసంహరించడమైనది.’ మా ఎలక్ట్రికల్ విభాగం వాళ్ళొచ్చి, లోపల ఒక వైరుని ఇంకో చోట అంటించి, ఎర్ర దీపం బల్బు పీకి పట్టుకుపోయారు. ఆ బల్బుకి కూడా మస్తాన్ నెంబరేశాడు.

డిసెంబరు మొదట్లో ఆవిర్భావ దినోత్సవం వచ్చింది. పార్కులో పన్నెండు తడికెల దొడ్లు కట్టారు, వార్డుకొకటి. ప్రతి దొడ్డిలో ఒక బాక్సు, దాని మీద కౌన్సిలరు ఫోటో, ఫోటోకి దండ. చైర్మన్ గారు జ్యోతి వెలిగించి, ఇకనుంచి శబ్దం ముందు అందరూ సమానులేనని ప్రకటించారు. నేను హార్మోనియం మీద శ్రుతి పట్టాను. సలోమి నా వంక ఒక్క చూపు చూసి, వేలు తీగ మీద పెట్టింది.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే ఆ మొదటి దెబ్బ అద్భుతం. పన్నెండు దొడ్లలోనూ జనం ఒక్కసారే ఛాతీలు పట్టుకున్నారు. నా ముందున్న మైకు స్టాండు దానంతటది పక్కకి జరిగింది. పార్కు చెట్ల మీద కాకులన్నీ లేచిపోయాయి. రెండో దెబ్బకి పెట్టెలోంచి చిటపటమని ఏదో మాట్లాడినట్టయింది. మూడో దెబ్బ లేదు. రెక్సిన్ సందుల్లోంచి సన్నగా పొగ లేచింది, మాడిన వాసన గుప్పుమంది.

“ఓహో! పొగ కూడా పెట్టించారే!” అని చైర్మన్ గారు చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టాక అందరూ కొట్టారు.

సలోమి గిటారు పక్కన పడేసి వెళ్ళి పెట్టె మీద రెండు చేతులూ వేసింది. చుర్రుమని వెనక్కి తీసుకుంది. మళ్ళీ వేసింది. పాట మధ్యలో ఆపకూడదు కాబట్టి మేం వాయిస్తూనే ఉన్నాం. ఏడుపు ఆపుకుంటూ హార్మోనియం వాయిస్తే తిత్తి సరిగ్గా పడదని నాకు ఆరోజే తెలిసింది.

కచేరీ ముగిశాక కమిషనర్ గారు వార్డులవారీగా అభిప్రాయ సేకరణ జరిపారు. ఒకటో వార్డుకి ఎంత బేస్ అందింది? రెండో వార్డుకి అందినంత. రెండుకి? మూడుకి అందినంత. పన్నెండు వార్డులూ తమకి ఇతరులతో సమానంగా అందిందని సంతకాలు పెట్టాయి. ఫిర్యాదు ఒక్కటీ లేదు. మా కౌన్సిల్ చరిత్రలో ఫిర్యాదు లేని కార్యక్రమం అదొక్కటే.

మాడిన సంగతి మీద విచారణ కూడా సక్రమంగా జరిగింది. తొంభై ఆరు ఓముల అడ్డు ఉందని ధ్రువపత్రం ఉండగా పరికరం మాడే అవకాశం లేదు. కనుక మాడలేదు. పొగ ప్రజారోగ్యం సెక్షన్ వారి దోమల మిషనుదై ఉంటుంది. ఆ సెక్షన్‌కి ప్రశంసాపత్రం వెళ్ళింది. పరికరం పనిచేస్తోంది కాబట్టి బాగు చేయించడం కుదరదు. వాడుకలో ఉంది కాబట్టి తిరిగి ఇవ్వడం కుదరదు.

ఆ కాగితం సలోమికి నేనే చదివి వినిపించాను. విన్నాక ఆమె బ్యాగులోంచి స్క్రూడ్రైవర్ తీసి, వరండాలో నేల మీద బాసింపట్టు వేసుకు కూర్చుని, అందరం చూస్తుండగా పెట్టె వెనక నాలుగు మరలూ విప్పింది. మాడిన రేకు అరని సొరుగులా లాగి, ఓణీలో చుట్టి, చంకనేసుకుంది. ఖాళీ చెక్క పెట్టెని యథాస్థానంలో పెట్టి, పన్నెండు వైర్ల కొసలు దాని వెనక కన్నంలో శుభ్రంగా దోపింది. నేను లేచి ఆమె వెనకే గేటు దాకా వెళ్ళాను. ఏం చెయ్యడానికో నాకే తెలియదు.

మస్తాన్ ఆ అరని అటూ ఇటూ తిప్పి చూశాడు. వంగి అడుగున చూశాడు. చాలాసేపు చూశాడు.

“సార్, దీని మీద నెంబరు లేదు,” అన్నాడు నాతో. “మనది గాదు.”

“మనది కానిది మన ఆఫీసులో ఎందుకుండాలి?” అన్నాను.

“అదే నేననేది. తీసకపో అమ్మా, ముందు ఇక్కణ్ణించి తీసకపో.” గేటు రెండు రెక్కలూ బార్లా తీశాడు.

ఆమె నేరుగా బెజవాడ బస్సెక్కింది. అక్కడి మెకానిక్ లోపల మాడిన ముక్కలు మార్చి, రక్షణ వైరు మళ్ళీ దాని చోట అతికించి, కొత్త ఎర్ర బల్బు పెట్టి ఇచ్చాడట.

ఇటు మా పథకం ఏ లోటూ లేకుండా సాగింది. ర్యాంకులిచ్చే బృందం తనిఖీకి వచ్చినప్పుడు సలోమి వచ్చి గిటారు మీటింది, ఏ వార్డుకీ ఏమీ వినపడలేదు, అన్ని వార్డులూ సమానమని చెప్పాయి. చైర్మన్ గారు తనిఖీ పెద్దని 318 దగ్గరికి తీసుకెళ్ళి, ఖాళీ పెట్టె మీద చెయ్యి వేయించారు.

“తెలుస్తోందా సార్? ఇప్పటికీ ఎలా అదురుతోందో!”

పెద్దమనిషి కాస్సేపు కళ్ళు మూసుకున్నారు. “అవునండీ,” అన్నారు. “అరచెయ్యి జివ్వుమంటోంది.” సమాన శబ్దానికి మా ఊరికి ప్రత్యేక బహుమతి వచ్చింది.

క్రిస్మస్ ఉదయం చైర్మన్ గారు శుభాకాంక్షలు చెప్పడానికి చర్చికి బయల్దేరుతూ నన్నూ రమ్మన్నారు. ముందు బెంచీలో కూర్చోబెట్టారు. ఆయనకి ఒక పక్క నేను, మరో పక్క తెల్ల చీరలో రూతమ్మ గారు. ఎదురుగా, వేదిక పక్కన, రెండు ఇటుకల మీద ఒట్టి రేకు అర, ఒంటి మీద చెక్క లేకుండా ఉంది. దానికి చర్చి బాక్సులు రెండు, రెండే. సలోమి నన్ను చూసి తల ఊపింది.

పాట మొదలైంది. నేను కూర్చున్న చోటు కింద నుంచి అదురు పుట్టి వెన్నులోకి పాకింది. రూతమ్మ గారు అరచెయ్యి బెంచీ చెక్క మీద ఆనించారు. కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ, ప్రతి మాటా వేళకి పలుకుతున్నారు. నా కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి, దాచుకోలేదు.

చైర్మన్ గారు మాత్రం ఉలిక్కిపడి బెంచీ అంచు పట్టుకున్నారు. నా చెవి దగ్గరికి వంగారు.

“కోటిలింగం గారూ, ఈ బెంచీ వణుకుతోందేమిటండీ? కాళ్ళు వదులైనట్టున్నాయి. ఏదైనా ప్రమాదం జరక్కముందే భావనారాయణ గారితో ఒక కమిటీ వేయించండి.”

పాట అయిపోయింది. రూతమ్మ గారు కళ్ళు తెరిచారు. వినపడనివాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా, చర్చి అంతా వినపడేలా అన్నారు.

“రెండో చరణంలో మా పిల్ల ఒక దెబ్బ ఎగ్గొట్టింది!”

సలోమి నాలిక్కరుచుకుని నవ్వింది. జనమంతా నవ్వారు.

“ఏమంటోందావిడ?” అని అడిగారు చైర్మన్ గారు నన్ను.

“బెంచీ బాగానే ఉందంటున్నారండీ,” అన్నాను.